ప్రిన్సిపాల్ కుర్చీలో ఉన్నది నాలుగేళ్ళే

మీరు అడిగింది ఇది: మీ ఊరి హైస్కూల్ హెడ్మాస్టరు గారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు, సన్మాన సభలో మీరు మాట్లాడాలి. ఒక ప్రిన్సిపాల్ జీవితకాలం చేసిన పనిని దేంతో కొలవాలి, పాస్ పర్సంటేజీతోనా, కట్టించిన గదులతోనా? చెప్పుకోదగ్గ ఉదాహరణ ఎవరైనా ఉన్నారా?

నేను ముప్పై నాలుగేళ్ళు సర్కారు బళ్ళలో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు రెండు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో హెడ్మిస్ట్రెస్‌ని. సన్మాన పత్రాలు ఎన్నో రాశాను, ఒకటి నేనూ చదివించుకున్నాను. అన్నిట్లోనూ అవే మాటలు, పేరు మార్చి ఇంకొకరికి చదివినా ఎవరూ పట్టుకోలేరు. అందుకే మీకు పత్రం నమూనా ఇవ్వను. ఒక మనిషి గురించి చెబుతాను. అందులోంచి మీ సార్‌కి పనికొచ్చేది మీరే ఏరుకోండి.

ఆవిడ పేరు అన్నా జూలియా కూపర్. అమెరికాలో నల్లజాతి హైస్కూల్ ప్రిన్సిపాల్. ఈ పేరు నాకు ఏ బీఈడీ పుస్తకంలోనూ తగల్లేదు. మా అమ్మాయి అక్కడి పౌరసత్వం తీసుకున్నాక సెలవులకు వచ్చినప్పుడు తన పాస్‌పోర్టు తిరగేస్తుంటే కనిపించింది. లోపలి పేజీల్లో అధ్యక్షుల మాటలూ పెద్దపెద్ద నాయకుల మాటలూ వేశారు. వాటి మధ్య ఈవిడ వాక్యం ఒకటి. స్వేచ్ఛ అనేది ఒక జాతిదో ఒక మతశాఖదో, ఒక పార్టీదో ఒక వర్గానిదో కాదనీ, మనిషిగా పుట్టిన ప్రతివాళ్ళ జన్మహక్కనీ దాని సారాంశం. ఎవరే ఈవిడ అని అడిగితే మా అమ్మాయికీ తెలియదు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్ళు ఎంతమంది ఆ పేరుని బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నారో!

ఆవిడ 1858లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ అనే ఊళ్ళో పుట్టారు, బానిసగా. తల్లి హానా బానిస. తండ్రి ఆ యజమాని కుటుంబంలోని తెల్లాయనే అంటారు. తల్లి తనకు తండ్రి గురించి చెప్పడానికి సిగ్గుపడిందని ఆవిడే తర్వాత రాసుకున్నారు. బానిసత్వం పోయాక ఊళ్ళో నల్లవాళ్ళ కోసం చర్చివాళ్ళు టీచర్లని తయారుచేసే బడి పెట్టారు. 1868లో స్కాలర్‌షిప్‌తో అందులో చేరేనాటికి ఈ పిల్లకి పదేళ్ళు నిండాయో లేదో. అక్కడ గ్రీకు క్లాసు మగపిల్లలకి మాత్రమే, ఎందుకంటే వాళ్ళు పాస్టర్లు కావాలి. ఆడపిల్లలకి గ్రీకెందుకు? ఆ పిల్ల కొట్లాడి ఆ క్లాసులో కూర్చుంది. గ్రీకు చెప్పే కుర్రాణ్ణే తర్వాత పెళ్ళి చేసుకుంది కూడా. రెండేళ్ళకే, 1879లో, ఆయన పోయాడు. ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

తర్వాత ఓబర్లిన్ కాలేజీ. అక్కడా ఆడవాళ్ళకి విడిగా తేలిక కోర్సు ఉండేది. ఈవిడ "జెంటిల్‌మెన్ కోర్సు" అనే నాలుగేళ్ళదే తీసుకుని 1884లో బీఏ పూర్తిచేశారు, 1887లో గణితంలో ఎంఏ పట్టా. అదే ఏడాది వాషింగ్టన్ నగరంలో నల్లపిల్లల హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. లెక్కలూ సైన్సూ చెప్పడానికి వెళ్ళి, చివరికి లాటిన్ టీచరుగా స్థిరపడ్డారు. లెక్కల టీచరుకి లాటిన్ పీరియడ్లా అని ఆశ్చర్యపోకండి. మన బళ్ళలో పీడీ సార్లు సోషల్ చెప్పిన రోజులు నేను చూశాను.

ఆ బడి సంగతి కొంచెం చెప్పాలి. 1870లో ఒక చర్చి కింద సెల్లారులాంటి గదిలో మొదలైంది. నల్లపిల్లలకి అమెరికాలో ప్రభుత్వం పెట్టిన మొదటి హైస్కూలుగా దాన్ని చెబుతారు. 1891లో ఎం స్ట్రీట్ అనే వీధిలో సొంత బిల్డింగు కట్టాక ఆ వీధి పేరే బడి పేరైంది. అక్కడి టీచర్ల చదువులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. పెద్దపెద్ద యూనివర్సిటీల డిగ్రీలున్న నల్లవాళ్ళని ఏ తెల్ల కాలేజీ ఉద్యోగంలోకి తీసుకునేది కాదు కాబట్టి వాళ్ళంతా ఈ హైస్కూల్లో వచ్చి పడ్డారు. తెల్లవాళ్ళ వివక్ష వల్ల ఆ పిల్లలకి కాలేజీ లెక్చరర్లు హైస్కూల్లోనే దొరికారు. 1899లో నగరంలోని హైస్కూళ్ళన్నిటికీ ఒకే పరీక్ష పెడితే, మూడు తెల్ల హైస్కూళ్ళలో రెండిటిని ఈ బడి దాటేసింది.

1902 జనవరిలో కూపర్ ఆ బడికి ప్రిన్సిపాల్ అయ్యారు. 1906లో దిగిపోయారు. దిగిపోయారు అనడం మర్యాద కోసం. దింపేశారు.

ఆ నాలుగేళ్ళలో ఆవిడ కొత్త బిల్డింగేమీ కట్టలేదు. పట్టుకు కూర్చున్నది ఒక్కటే: పిల్లలకి లాటిన్, గ్రీకు, ఆల్జీబ్రా, జామెట్రీ, చరిత్ర అన్నీ ఉండాలి, దేశంలో ఏ కాలేజీ గేటు దగ్గరైనా నిలబడగలిగే సిలబస్ ఉండాలి. ఆ కాలంలోనే ఆ బడి పిల్లలు హార్వర్డ్, యేల్, బ్రౌన్‌లాంటి చోట్ల సీట్లు తెచ్చుకున్నారు, హార్వర్డ్ ఆ బడికి గుర్తింపు ఇచ్చింది. ఫెలిక్స్ క్లైన్ అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు అమెరికా చూడ్డానికొచ్చి ఆవిడ క్లాసులో కూర్చున్నాడు. పదిహేను, పదహారుమంది పిల్లలు, వర్జిల్ లాటిన్ కావ్యం. ప్రిన్సిపాల్ అయ్యుండి స్వయంగా పాఠం చెబుతున్నారు. ఆయన తన దేశం వెళ్ళి ఆ క్లాసుని మెచ్చుకుంటూ రాశాడు. హెడ్మాస్టరయ్యాక క్లాసు వదిలేసేవాళ్ళు ఎక్కువ. నేనూ మొదటి రెండేళ్ళు బిల్లులూ, ఆన్‌లైన్ ఎంట్రీలూ, మధ్యాహ్నభోజనం గుడ్ల లెక్కలూ అంటూ వదిలేశాను. ఇప్పటికీ అది నాకు సిగ్గుగానే ఉంటుంది.

మరి అంత బాగా నడుస్తుంటే ఎందుకు దింపారు?

అప్పట్లో నల్లవాళ్ళ చదువు మీద ఒక పెద్ద వాదం నడుస్తోంది. బుకర్ టి. వాషింగ్టన్ అనే చాలా పలుకుబడి ఉన్న నల్లజాతి నాయకుడు ముందు చేతిపనులు నేర్చుకోండి, వడ్రంగం, వ్యవసాయం, వంట, కుట్టుపని నేర్చుకోండి అనేవాడు. అది తెల్ల దాతలకీ అధికారులకీ బాగా నచ్చింది, ఎందుకు నచ్చిందో చెప్పక్కర్లేదు. రెండో వైపు డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్, నల్లవాళ్ళకి పెద్ద చదువులూ కావాలనే నల్లజాతి పండితుడు. 1902-03 చలికాలంలో ఆయన ఎం స్ట్రీట్ బడికొచ్చి, నల్లపిల్లల సిలబస్‌ని కుదించే ప్రయత్నం జరుగుతోందని బాహాటంగా మాట్లాడి వెళ్ళాడు. పిలిచింది ఎవరి బడి? కూపర్ బడి. ఆ ప్రసంగం పై అధికారులకి గుచ్చుకుంది.

కూపర్ చేతిపనులకి వ్యతిరేకి కాదు. అందరూ ప్రొఫెసర్లు కాలేరని ఆవిడకీ తెలుసు. అదే నగరంలో 1902లో నల్లపిల్లల కోసం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వృత్తివిద్యా హైస్కూలు తెరిచారు కూడా. ఉన్న ఒక్క కాలేజీ దారి కూడా మూసేస్తామంటేనే ఆవిడకి ఒప్పుదల లేదు. మనకి ఈ గొడవ కొత్తేమీ కాదు. 1953లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ పల్లెల్లోని ప్రాథమిక బళ్ళలో ఒక పూట చదువు, ఒక పూట ఇంటి వృత్తి అనే పద్ధతి పెడితే, "కులవిద్య" అంటూ ఎంత దుమారం లేచిందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి రాజాజీ గద్దె దిగారు, ఆ పథకమూ పోయింది. పనితో చదువు మంచిదే అని నేనూ అంటాను. ఎవరి పిల్లలకి పని, ఎవరి పిల్లలకి చదువు అని ఎవరు నిర్ణయిస్తున్నారన్న దగ్గరే నాకు అనుమానం మొదలవుతుంది.

వాషింగ్టన్ నగరంలోని హైస్కూళ్ళ మీద డైరెక్టరు పెర్సీ హ్యూస్, తెల్లాయన. ఆయనకీ కూపర్‌కీ పడలేదు. 1905లో విచారణ పెట్టారు. ఆరోపణల జాబితా చదువుతుంటే నాకు మన చార్జిమెమోలు గుర్తొచ్చాయి. పై అధికారి మాట వినడం లేదు. నిర్ణయించిన పాఠ్యపుస్తకం కాదని వేరేది వాడారు. బడిలో క్రమశిక్షణ లేదు, పిల్లలు సిగరెట్లు తాగుతున్నారు. ఇవన్నీ ఏ హెడ్మాస్టరు మీదైనా రాయొచ్చు. ఇవి చాలవన్నట్టు, తన ఇంట్లోనే పెరిగి అదే బడిలో టీచరైన యువకుడితో ఆవిడకి సంబంధం అంటగట్టారు. ఆడ హెడ్మాస్టరుని కదిలించాలంటే అన్ని దేశాల్లోనూ చివరికి తీసే ఆయుధం అదే. జాబితాలో ఇంకో ఆరోపణ ఉంది, నాకు అదే ముఖ్యం: చదువులో వెనకబడ్డ, అర్హత లేని పిల్లల మీద ఆవిడకి సానుభూతి ఎక్కువ.

దాన్ని తప్పు కింద రాశారు! ఇక్కడ నా కథ కొంచెం చెబుతాను, ఎందుకంటే ఈ ఆరోపణ బరువు బయటివాళ్ళకి అంత తేలిగ్గా తెలియదు.

ఒక ఏడాది మా బడిలో పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, పంపాలి. మొత్తం ఎనభై ఒక్కమంది. సాయంత్రం స్పెషల్ క్లాసులయ్యాక లెక్కల సార్ నా టేబుల్ మీద లిస్టు పెట్టారు. ఆరు పేర్ల పక్కన పెన్సిల్‌తో చుక్కలు. "ఈ ఆరుగురికీ అటెండెన్స్ చాలదని రాసేద్దాం మేడమ్, మనకి హండ్రెడ్ పర్సెంట్ ఖాయం" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, మధ్యాహ్నం అన్నం కూడా మానేసి పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి. ఆయన టెన్షన్ రిజల్ట్స్ గురించి. ఆ ఆరుగురిలో ఒకమ్మాయి మిరపకాయలు కోసే సీజన్‌లో నెలన్నర బడికి రాలేదు. రబ్బరు తీసుకుని చుక్కలు చెరిపి లిస్టు పంపించాను. నలుగురు తప్పారు. రివ్యూ మీటింగులో మైకు ముందు నిలబెట్టి, పర్సంటేజీ ఎందుకు పడిందో చెప్పమన్నారు. సంజాయిషీ రాసిచ్చాను. ఆ నలుగురిలో ముగ్గురు సప్లిమెంటరీలో గట్టెక్కారు, మిరపకాయల అమ్మాయితో సహా. ఈ కథలో నేనేదో పెద్ద పొడిచానని కాదు. అంతకు ముందేడాది ఇలాంటి లిస్టే వస్తే నేను సంతకం పెట్టాను, అదీ చెప్పాలి కదా.

మళ్ళీ కూపర్ దగ్గరికి. 1906లో ఆవిడని ప్రిన్సిపాల్‌గా కొనసాగించలేదు. వాషింగ్టన్ వదిలి మిస్సోరీ రాష్ట్రంలోని జెఫర్సన్ సిటీ వెళ్ళి, అక్కడి లింకన్ విద్యాసంస్థలో భాషలు చెప్పుకున్నారు. 1910లో కొత్త సూపరింటెండెంట్ వచ్చి ఎం స్ట్రీట్‌కి తిరిగి రమ్మన్నాడు. ప్రిన్సిపాల్‌గా కాదు, లాటిన్ టీచరుగా.

ఆవిడ వెళ్ళారు.

నా దృష్టిలో ఆవిడ జీవితంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే, దీని మీద ఎవరూ పెద్దగా రాయరు. తను ప్రిన్సిపాల్‌గా కూర్చున్న గది ముందు నుంచి రోజూ నడుచుకుంటూ క్లాసుకి వెళ్ళాలి. ఒకప్పుడు తను సంతకం పెట్టించుకున్న రిజిస్టర్‌లో తనే వరసలో నిలబడి సంతకం పెట్టాలి. మనలో ఇన్‌చార్జి హెడ్మాస్టరుగా ఆరు నెలలు చేసి, రెగ్యులర్ వాళ్ళు రాగానే లాంగ్ లీవు పెట్టినవాళ్ళు నాకు తెలుసు. కూపర్ వయసు అప్పటికి యాభై దాటింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు, 1930 దాకా, అదే బడిలో టీచరుగానే పనిచేశారు. మధ్యలో 1916లో బడి కొత్త బిల్డింగులోకి మారి, డన్‌బార్ హైస్కూల్ అయింది.

ఆ ఇరవై ఏళ్ళలో మిగతాది ఇంకో జన్మకి సరిపడా ఉంది. వేసవి సెలవుల్లో పారిస్ వెళ్ళి ఫ్రెంచి చదివారు. 1914లో కొలంబియా యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరారు. మరుసటేడు సోదరుడి వరసైన ఆయన మనవలు తల్లి లేని పిల్లలైతే, ఐదుగురినీ తెచ్చుకున్నారు. పెద్దదానికి పన్నెండేళ్ళు, చిన్నది చంటిపిల్ల. వాళ్ళ కోసం అప్పుచేసి ఇల్లు కొన్నారు. కొలంబియావాళ్ళేమో ఏడాది అక్కడే ఉండి చదవాలన్నారు. ఉద్యోగమూ ఐదుగురు పిల్లలూ వదిలి ఎలా వెళ్తారు? చదివినదాన్నంతా పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీకి మార్పించుకున్నారు. అక్కడికి వెళ్తే అరవై రోజుల్లో తిరిగి రాకపోతే ఉద్యోగం పోతుందని బడివాళ్ళు కబురు పెట్టారు. పారిస్ ఆర్కైవ్స్‌లో కాయితాల మధ్య నుంచి లేచి, ఓడెక్కి, గడువు తీరేలోపు క్లాసులో నిలబడ్డారు. ఎన్‌ఓసీ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ పరుగు ఎలాంటిదో తెలుస్తుంది.

1925 మార్చిలో థీసిస్ నెగ్గింది. ఫ్రెంచి విప్లవకాలంలో బానిసత్వం పట్ల ఫ్రాన్స్ వైఖరి ఏమిటన్నది దాని విషయం, రాసింది ఫ్రెంచిలో. బానిసగా పుట్టిన మనిషి అరవై ఆరేళ్ళ వయసులో బానిసత్వం మీద డాక్టరేట్! పీహెచ్‌డీ పొందిన అమెరికా నల్లజాతి స్త్రీలలో ఆవిడ నాలుగో మనిషి. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. ఆవిడకి ముందు 1921లో పీహెచ్‌డీలు అందుకున్న ముగ్గురూ కూడా ఈ బడివాళ్ళే. ఈవా డైక్స్, సేడీ మోసెల్ ఎం స్ట్రీట్‌లో చదివినవాళ్ళు, జార్జియానా సింప్సన్ అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళు. నలుగురికి నలుగురూ ఒకే హైస్కూలు గడప తొక్కినవాళ్ళే. కులవివక్ష లాంటి జాతివివక్ష మీద కోర్టుల్లో పోరాడిన లాయర్ చార్ల్స్ హ్యూస్టన్ 1911లో అక్కడే పాసయ్యాడు. ఆయన దగ్గర లా చదువుకున్న థర్‌గుడ్ మార్షల్ వాదించిన కేసులోనే 1954లో విడివిడి బళ్ళు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదంతా కూపర్ ఒక్కరి ఘనతని నేననను. అలా చెప్పడం సన్మాన పత్రం అబద్ధం. ఆ బడిలో ఆవిడలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, ఆవిడకి ముందూ తర్వాతా కూడా. ఆ బడి మీద విమర్శలూ ఉన్నాయి. కాస్త కలిగినవాళ్ళ పిల్లలకీ, రంగు తక్కువ నలుపున్నవాళ్ళకీ అక్కడ ఆదరణ ఎక్కువని నల్లవాళ్ళే అనేవాళ్ళు. ఆవిడది అని కచ్చితంగా చెప్పగలిగింది ఒకటే. 1902 నుంచి 1906 దాకా సిలబస్ కుదించమన్నవాళ్ళకి తలుపు తియ్యలేదు, దానికి తన కుర్చీని మూల్యంగా కట్టారు. ఆ నాలుగేళ్ళలో తలుపు తెరిచి ఉంటే తర్వాత వచ్చినవాళ్ళకి ఏ లాటిన్ క్లాసు మిగిలేదో ఊహించుకోండి.

1930లో బడి నుంచి రిటైరయ్యారు, డెబ్భై రెండేళ్ళు నిండబోతున్నాయి. ఇంట్లో కూర్చోలేదు. పగలు పనులు చేసుకునే పెద్దవాళ్ళకి సాయంత్రాలు చదువు చెప్పే ఫ్రీలింగ్‌హైసెన్ యూనివర్సిటీ అనే సంస్థకి అధ్యక్షురాలయ్యారు. పేరుకి యూనివర్సిటీ, చేతిలో డబ్బుల్లేవు. అద్దె కట్టలేని పరిస్థితి వస్తే ఆ సంస్థని టీ స్ట్రీట్‌లోని తన ఇంట్లోకే తెచ్చుకున్నారు. చదువు బాగా వెనకబడ్డవాళ్ళకి అందులోనే ఒక విభాగం పెట్టి దానికి తల్లి పేరు పెట్టారు, హానా స్టాన్లీ ఆపర్చునిటీ స్కూల్ అని. 1905లో తప్పుగా రాసిన ఆ "సానుభూతి" చూశారా, పాతికేళ్ళు పోయాక సొంత ఇంట్లో బోర్డు కట్టుకుంది. 1964 ఫిబ్రవరిలో నూట ఐదేళ్ళ వయసులో పోయారు. రాలీలో భర్త పక్కనే సమాధి. 2009లో అమెరికా తపాలాశాఖ ఆవిడ బొమ్మతో స్టాంపు వేసింది.

ఇక మీ సభ సంగతి. మీ సార్ ఎన్ని గదులు కట్టించారో, ఎన్నిసార్లు హండ్రెడ్ పర్సెంట్ వచ్చిందో ఎలాగూ మండల విద్యాశాఖాధికారి గారు చెబుతారు, అది ఆయనకి వదిలేయండి. సభకి రెండు రోజుల ముందు మీ సార్ దగ్గర ఖాళీగా కూర్చుని ఒకటే అడగండి: పదో తరగతి లిస్టులోంచి ఎవరి పేర్లయినా తీసేయమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా సార్, అప్పుడు మీరేం చేశారు? ఆయన చెబితే మీ ప్రసంగం దొరికినట్టే. నవ్వి మాట దాటేస్తే బడిలో పాత అటెండర్‌ని అడగండి. టీ కప్పులు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళొచ్చేది అతనే కాబట్టి ఎవరు ఏమన్నారో అతనికి బాగా గుర్తుంటుంది.